రేవులో మూడో మెట్టు

రాజోలు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. సంక్రాంతికి నువ్వు కాలువలో తడిపిన పట్టు పరికిణీని అమ్మ నీడన ఆరేసి పెట్టెలో దాచింది. కోపం కూడా తగ్గింది, భయపడకు.

మొన్న ఫోనులో అడిగావు కదా, "మూడో మెట్టు మోకాలి లోతులోనే కనిపించింది నాన్నా, మరి నడుం దాకా ఎలా మునిగాను?" అని. ఫోనులో చెబితే సగం విని పెద్దమ్మకు ఇచ్చేస్తావు. అందుకే ఉత్తరం.

వరద రోజుల్లో కాలువ నిండా ఎర్రనీళ్ళే కాబట్టి మెట్టు కనిపించదు, ఎవరూ నమ్మి దిగరు. పండగ నాటికి నీళ్ళు తేటపడతాయి. మోసమంతా అప్పుడే! మెట్టు మీద పడిన ఎండ వెనక్కి తిరిగి నీ కంటికి చేరితేనే మెట్టు కనిపిస్తుంది. ఆ వెలుగు నీళ్ళలోంచి గాలిలోకి రావాలి. గాలిలో వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీళ్ళలో సుమారు 2.25 లక్షలే.

మన చేలోంచి ట్రాక్టరు పుంత మీదకు ఏటవాలుగా ఎక్కడం చూశావుగా? ఒక చక్రం ముందుగా గట్టి నేలకు చేరి జోరందుకుంటుంది. రెండోది ఇంకా బురదలోనే ఈడుస్తుంటుంది. దాంతో బండి పక్కకు తిరిగిపోతుంది. నీళ్ళు దాటేటప్పుడు వెలుగూ అలాగే వంగుతుంది. దీన్నే వక్రీభవనం అంటారు. పేరు పెద్దది, పని చిన్నది.

వెలుగు దారిలో వంగిందని కంటికేం తెలుసు? తిన్నగా వచ్చిందనే అనుకుంటుంది. అందుకే మెట్టు ఉన్న చోటుకంటే పైన కనిపిస్తుంది. నాలుగడుగుల లోతును నిట్టనిలువుగా పైనుంచి చూస్తే మూడడుగులే అనిపిస్తుంది. నువ్వు గట్టు మీద నిలబడి ఏటవాలుగా చూశావు, ఇంకా తక్కువ అనిపించి ఉంటుంది. ఈ లెక్కలేవీ తెలియకపోయినా మీ తాతయ్య చేపను ఈటెతో పొడిచేటప్పుడు కనిపించిన చోటికి కాస్త కిందకు గురిపెట్టేవారు. నేను చేప మీదకే గురిపెట్టి, ఈటెతో పాటు నీళ్ళలో పడ్డాను. ఆ సంగతి అమ్మకు చెప్పకు.

నా మాట నమ్మొద్దు, చేసి చూడు. స్టీలు గిన్నె తీసుకో, గాజుది పనికిరాదు. అడుగున రూపాయి బిళ్ళ పెట్టి, గిన్నె అంచు అడ్డొచ్చి బిళ్ళ కనబడకుండా పోయేదాకా వెనక్కి జరిగి, కదలకుండా నిలబడు. పెద్దమ్మను నెమ్మదిగా నీళ్ళు పోయమను, బిళ్ళ కదలకూడదు. దానంతటదే పైకి తేలినట్టు కనిపిస్తుంది.

గాలి కూడా వెలుగును కొద్దిగా వంచుతుంది. సాయంత్రం సూర్యుడు నేల అంచును తాకినట్టు కనిపించేసరికి, నిజానికి దాదాపు పూర్తిగా కిందికి దిగిపోయి ఉంటాడు. మనం చూసేది వంగి వచ్చిన వెలుగునే. అదీ సూర్యుడి దగ్గర సుమారు 8 నిమిషాల కిందట బయల్దేరినది.

వేసవి సెలవులకు నువ్వు వచ్చేసరికి కాలువ కట్టేస్తారు. రేవు ఎండిపోయి ఉంటుంది. టేపు నేను తెస్తాను, మెట్లన్నీ కొలుద్దాం. ఈలోగా మూడో మెట్టు ఎంత లోతో నీ అంచనా రాసి పంపు.

మీ నాన్న