స్పానిష్ నేర్పండి, కానీ మొదటి ఏడాది పరీక్ష నోటితో పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

బళ్ళు తెరిచే రోజులొచ్చేసరికి రావులపాలెం నుంచి అమలాపురం దాకా రోడ్డు పొడుగునా స్కూళ్ళ ఫ్లెక్సీలే. ఏసీ రూములు, అబాకస్, స్కేటింగ్, వాటి కింద ఈమధ్య కొత్తగా ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ అని కూడా వేస్తున్నారు. వెయ్యనివ్వండి, తప్పేం లేదు. 2020 జాతీయ విద్యా విధానంలో హైస్కూల్లో నేర్పొచ్చని చెప్పిన విదేశీ భాషల్లో కొరియన్, జపనీస్‌తో పాటు స్పానిష్ కూడా ఉంది. మన పక్కన యానాంలో 1954 దాకా ఫ్రెంచోళ్ళే ఏలేరు కాబట్టి గోదారోళ్ళకి ఇలాంటివి మరీ కొత్తేం కాదు. స్పానిష్ మాతృభాషగా ఉన్నోళ్ళు దాదాపు 50 కోట్లమంది. అసలు భీమవరం చెరువుల్లో మనం పెంచే వనామీ రొయ్య పుట్టిల్లే మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం, అక్కడంతా మాట్లాడేది స్పానిషే, రొయ్యల ఎగుమతిలో మనకి గట్టి పోటీ ఇస్తున్న ఈక్వడారోళ్ళదీ అదే భాష. అందుకని ఈ భాష మనకెందుకండీ అని నేను అడగను. నా గొడవల్లా పరీక్ష గురించి.

నేను హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యేను. మా మనవరాలు ఏడో తరగతి, స్కూల్ పేరెందుకులెండి, మొన్న స్పానిష్ యూనిట్ టెస్ట్ పేపర్ ఇంటికి తెస్తే తీసి చూసేను. మొదటి ప్రశ్న ఆబ్లార్ (మాట్లాడడం) అనే క్రియకి ఆరు రూపాలు పట్టికలో నింపమని. రెండోది ఖాళీల్లో మగ మాటల ముందు పెట్టే ఎల్ వస్తుందా, ఆడ మాటల ముందు పెట్టే లా వస్తుందా అని. మూడోది పది వాక్యాలు ఇంగ్లీషులోంచి స్పానిష్‌లోకి మార్చమని, నాలుగోది స్పెయిన్ రాజధాని ఏది, జెండా రంగులేవి అని. అంతే, అయిపోయింది. పిల్లకి పాతికకి 23 వచ్చేయి, వాళ్ళమ్మ పక్కింటోళ్ళకి కూడా చెప్పేసింది. కోమో తె యామాస్ అని, అంటే నీ పేరేంటే అని నేనడిగితే (యూట్యూబ్‌లో చూసి పట్టేన్లెండి) అది నోట్‌బుక్ కోసం లేచెళ్ళింది. "తాతయ్యా అది ఫస్ట్ లెసన్, మాకు ఎప్పుడో అయిపోయింది" అంది.

పిల్లదాన్ని ఏమనగలం? పేపర్లో ఏది అడిగితే పిల్లలు అదే చదువుతారు, టీచరూ అదే చెప్తారు. మా హిందీకి పట్టిన గతి ఇదేనండి, 1918లో మద్రాసులో హిందీ ప్రచారం మొదలైన దగ్గర్నుంచి మన జిల్లాల్లో ప్రాథమిక్, మధ్యమ, రాష్ట్రభాష అని పరీక్షలు ఎంతమంది కట్టేరో, ఎంతమంది సర్టిఫికెట్లకి ఫ్రేములు కట్టించుకున్నారో లెక్కలేదు, తీరా కాశీ వెళ్ళి రిక్షావాడితో బేరమాడాల్సి వచ్చేసరికి వేళ్ళు చూపించేరు.

మరి స్పానిష్ వాళ్ళు మొదలెట్టినోళ్ళకి పరీక్ష ఎలా పెడుతున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ అని స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఒకటుంది, ఢిల్లీలో కూడా సెంటర్ ఉంది, వాళ్ళు డెలె అనే పరీక్షలు పెడతారు. అన్నిటికన్నా కింది మెట్టు ఏ1, అందులో 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం విడిగా ఒకటుంది. మొత్తం 100 మార్కులు, చదవడం రాయడం కలిపి 50, వినడం మాట్లాడడం కలిపి 50, రెండిట్లోనూ విడివిడిగా 30 చొప్పున రావాలి. రాతలో 50కి 50 తెచ్చుకుని మాటలో 20 దగ్గర ఆగిపోతే ఫెయిలే. ఇంకో ముచ్చట, ఈ ఏ1 అనే మెట్టుకి యూరప్ వాళ్ళు రాసుకున్న కొలతలోనే ఎదుటోళ్ళు నిదానంగా, స్పష్టంగా మాట్లాడి కాస్త సాయం చేస్తే ఈ పిల్ల మాట్లాడగలగాలి అని ఉంటుంది. అంటే పరీక్షలో టీచర్ ప్రశ్న రెండోసారి అడిగితే, ఓ మాట అందిస్తే అది కాపీ కొట్టించినట్టు కాదు.

మనవాళ్ళు మాత్రం రాతనే పట్టుకుని వేలాడుతున్నారు. సీబీఎస్ఈలో తొమ్మిది, పదికి 80 రాత, 20 ఇంటర్నల్ అని వంక చెప్పొచ్చు గానీ ఆరు, ఏడు తరగతుల పేపర్ స్కూలోళ్ళు సొంతంగా తయారు చేసుకునేదే కదండీ, అక్కడ వద్దన్నదెవరు?

క్లాసులో 40 మంది ఉంటే ఒక్కొక్కళ్ళని ఎలా మాట్లాడిస్తామండీ అంటారు. ఇద్దరిద్దర్ని పిలవండి, జోడీకి మూడు నిమిషాలు, 20 జోడీలకి గంట, రెండు పీరియడ్లు కూడా పట్టదు. ఒకడు రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు అమ్మేవాడు, ఇంకోడు కొనేవాడు. క్వాంతో క్వెస్తా అని ఒకడు ధర అడగాలి, రెండోవాడు చెప్పాలి, వీడు ఎక్కువంటున్నావనాలి. పుస్తకంలో మాడ్రిడ్ మెట్రో టిక్కెట్టు ఉంటుంది, మన పిల్లలకి అది ఊహకి కూడా అందదు, గెల బేరం అయితే నోరు దానంతటదే లేస్తుంది. పదికి వేసుకుంటే చెప్పింది అర్థమైతే 4, అడిగినదానికే జవాబిస్తే 3, నేర్చుకున్న మాటలు వాడితే 2, ఉచ్చారణకి 1. ఈ లెక్క పిల్లలకి ముందే చెప్పాలి. మాట్లాడే పరీక్షలో టీచర్‌కి నచ్చినోళ్ళకి మార్కులేసేస్తారనే అనుమానం తల్లిదండ్రులకి ఉంటుంది, ఉండాలి కూడా, ఫోన్‌లో రికార్డ్ చేసి ఉంచితే అడిగినప్పుడు వినిపించొచ్చు. వినే పరీక్షకైతే రాతే అక్కర్లేదు, ఆడియో రెండుసార్లు వేసి బొమ్మ మీద టిక్ పెట్టమంటే చాలు. అంకెలు తప్పకుండా వినిపించాలండోయ్, సెసెంతా అంటే 60, సెతెంతా అంటే 70, చెవి పడకపోతే అక్కడే పది రూపాయలు పోతాయి.

తప్పులకి మార్కులు కొయ్యడం గురించి ఒక మాట. బల్లకీ పుస్తకానికీ ఆడా మగా అంటగట్టే భాష ఇది, మన తెలుగులో ఆ బాధ లేదు కాబట్టి పిల్లలు తప్పుతారు. హిందీలో కితాబ్ ఆడది, స్పానిష్‌లో లిబ్రో మగాడు, పిల్లలు ఎంతని గుర్తుపెట్టుకుంటారు పాపం! ఎల్ బదులు లా అన్నా ఎదుటోడికి అర్థమైపోతుంది, మొదటి ఏడాది వదిలెయ్యండి. అన్యోస్ (ఏళ్ళు) అనే మాటలో న మీద ఉండే చిన్న గీత మాత్రం వదలకండి, అది లేకపోతే ఏళ్ళు కాస్తా ఇంకేదో అవుతుంది, పేపర్లో రాయలేను, స్పానిష్ టీచర్‌ని అడగండి నవ్వుతారు.

ఇంకోటి, ఇంగ్లీషు మీదుగా ఎందుకండీ నేర్పడం? ఐ లైక్ అని ఇంగ్లీషులో అనుకుని పిల్లలు యో గుస్తో అని రాస్తున్నారు, తప్పు కొట్టేస్తున్నారు. నాకు మామిడిపండు ఇష్టం అని తెలుగులో అనుకుంటే మె గుస్తా ఎల్ మాంగో నేరుగా వచ్చేస్తుంది, నాకు అన్నదే అక్కడ మె. నేను టీచర్ని అన్నప్పుడు మనకి ఉన్నాను అక్కర్లేదు, ఇంట్లో ఉన్నాను అన్నప్పుడు కావాలి, స్పానిష్‌లో కూడా ఆ రెండిటికీ వేరే క్రియలే, సోయ్, ఎస్తోయ్. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే యామ్, అందుకే పిల్లలు తికమక పడుతున్నారు. పోలిక అన్నిచోట్లా కుదరదనుకోండి, మొదలెట్టడానికి మాత్రం దివ్యంగా సరిపోతుంది. నువ్వు, మీరు తేడా అయితే మనోళ్ళకి చెప్పే పనే లేదు. 12ని దోసె అంటారని తెలిసిన రోజు క్లాసంతా పడీపడీ నవ్వేరంట, ఆ అంకె ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదంది మా మనవరాలు.

టీచర్ల కొరత నిజమే. హైదరాబాద్ ఇఫ్లూలో, అదే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీలో, స్పానిష్ చదువుకున్నోళ్ళు ఉన్నారు గానీ కోనసీమ దాకా వచ్చి ఉండేదెవరు, అందుకే చాలాచోట్ల టీవీలో ఆన్‌లైన్ క్లాసు. అవతల ఆవిడ ఒకటంటే ఇవతల అందరూ కలిసి గ్రాసియాస్ (థాంక్స్) అని అరుస్తారు, నోరు మెదపనివాడు అందులో కలిసిపోతాడు. దానికీ ఫోనే మందు, వారానికోసారి ఒక్కో పిల్లా నిమిషం మాట్లాడి పంపిస్తే ఆవిడ విని చెప్పొచ్చు.

తల్లిదండ్రులకి నా విన్నపం, ఫీజు కట్టే ముందు మొదటి ఏడాది స్పానిష్‌లో మాట్లాడ్డానికి ఎన్ని మార్కులు, వినడానికి ఎన్ని అని కౌంటర్ దగ్గరే అడగండి. బ్రోషర్ చేతిలో పెడితే అది పక్కన పెట్టి పోయినేడాది పేపర్ ఒకటి చూపించమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హిందీ పండిట్,
అమలాపురం దగ్గర