కోసి చూసే వీలు లేని శాంపిల్‌తో విడిభాగాలెలా?

సంపాదకుడికి,

అయ్యా,

రక్షణ రంగంలో స్వదేశీకరణ అనగానే పత్రికల్లో క్షిపణులు, తేజస్ విమానాలే కనిపిస్తాయి. ఎప్పుడో కొన్న ట్యాంకులు, విమానాలు మూలనపడకుండా వాటి విడిభాగాలను కొలిచి, డ్రాయింగ్ గీసి ఇక్కడే చేసి పెట్టే పని గురించి రాసేవాళ్లు తక్కువ. రివర్స్ ఇంజినీరింగ్ అనే ఈ పని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వర్క్‌షాపులకు కొత్తేమీ కాదు.

టీ-72 ట్యాంకులు, ఏఎన్-32 రవాణా విమానాలు, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారైన బీఎంపీ-2 ‘శరత్’ సాయుధ బండ్లు అన్నీ సోవియట్ నమూనాలే. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. ఏఎన్-32ను రూపొందించిన ఆంటొనోవ్ సంస్థ ఉక్రెయిన్ వాటాకు వెళ్లింది. ఆ విమానాల ఆధునికీకరణకు 2009లో ఒప్పందం చేసుకుంటే, 2014లో క్రిమియా గొడవ మొదలయ్యాక విడిభాగాలకు కటకట వచ్చింది. రష్యన్ పరికరాల విడిభాగాలను ఇక్కడే చేసుకోవడానికి 2019లో రష్యాతో వ్లాదివోస్తోక్‌లో కుదిరిన ఒప్పందం లాంటివి ఉన్నచోట లైసెన్సు తీసుకుని చేసుకుందాం. పంపేవాడే లేని సరుకును చూసి చేసుకోవడంలో మాత్రం తప్పేముంది?

నా అభ్యంతరమంతా పద్ధతి మీద. ఆకారం కొలవడం పెద్ద పని కాదు, సీఎంఎం (కొలతలు తీసే యంత్రం) ఉంటే ఒక పూటలో తేలిపోతుంది. కానీ సైన్యం డిపోల నుంచి చేతికొచ్చే శాంపిల్ అరిగిపోయి ఉంటుంది. బుష్ (షాఫ్టు తిరిగే గొట్టం లాంటి భాగం) లోపలి వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు పెరిగి ఉంటే, దాన్ని ఉన్నదున్నట్టు దింపినవాడు అరుగుదలను కూడా దింపినట్టే. అందులో తిరిగే షాఫ్టును కూడా కొలిచి అసలు ఫిట్టు (రెండింటి మధ్య ఉండాల్సిన సందు) లెక్క కట్టాలి. ఆ షాఫ్టు ఇవ్వరు. ఇక ఉక్కు సంగతి. రష్యన్ గ్రేడు ఏదో తేల్చుకోకుండా బజార్లో దొరికే ఈఎన్-24 రకం ఉక్కుతో సరిపెడితే బెంచి మీద బాగానే కనిపిస్తుంది, బండిలో తేడా బయటపడుతుంది. హీట్ ట్రీట్‌మెంట్‌లో పైపొర ఎంత లోతుదాకా గట్టిపడిందో తెలియాలంటే ముక్కను అడ్డంగా కోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఒకే ఒక్క శాంపిల్ ఇచ్చి, చెక్కుచెదరకుండా వాపసు ఇవ్వమంటే కోసేదెలా? రబ్బరు సీళ్లతో ఇంకో తంటా. కొలత అచ్చుగుద్దినట్టు ఉన్నా, లద్దాఖ్ చలికి బిగుసుకుపోతే ఆయిలు కారుతుంది.

ధనుష్ ఫిరంగికి జర్మనీవని చెప్పి చైనా బేరింగులు అంటగట్టారన్న ఆరోపణపై 2017లో సీబీఐ కేసు పెట్టింది. ముద్ర చూసి సరుకు తీసుకునే రోజులు కావివి. అధికారులు కఠినంగా పరీక్షించడమే న్యాయం. ఆ పరీక్షల ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న. సొంత డబ్బుతో కొలిచి, ఒకటికి రెండుసార్లు ఫెయిలై, చివరికి పాస్ చేయించుకున్న చిన్న యూనిట్‌కు దక్కేది మొదటి కొద్దిపాటి ఆర్డరే. తర్వాతి టెండరులో అదే డ్రాయింగు చూసి, ఉక్కు కిలో ధర, మెషీన్ గంటల లెక్కతో కోట్ చేసినవాడు ఎల్-1 (అతి తక్కువ ధర చెప్పినవాడు) అయి పట్టుకుపోతాడు. 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోళ్ల మాన్యువల్‌లో, స్వదేశీకరించిన వస్తువులకు ఐదేళ్ల దాకా ఆర్డరు హామీకి వీలు కల్పించారు. మంచిదే, అయితే అది డిపోల దాకా దిగాలి. దాంతోపాటు కొలతలకు, పరీక్షలకు విడిగా డబ్బు చెల్లించి, డ్రాయింగును ప్రభుత్వమే కొనుక్కోవాలి.

రక్షణ పారిశ్రామిక కారిడార్లు రెండూ ఉత్తరప్రదేశ్, తమిళనాడులకే దక్కాయి. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉంది, రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఉంది, 1968 నుంచి బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ సీఐటీడీ ఉంది. వీటి ల్యాబులను నిర్ణీత ఫీజుతో, నెలలో ఫలానా రోజులని ముందే ప్రకటించి చిన్న యూనిట్లకు తెరవమని కేంద్రాన్ని రాష్ట్ర ప్రభుత్వం అడగవచ్చు.

స్వదేశీకరించాల్సిన వస్తువుల కోసం రక్షణ శాఖ పెట్టిన సృజన్ పోర్టల్‌లో వస్తువు పేరు, ఫొటో పెడితే సరిపోదు. కోసి చూడటానికి పనికొచ్చే ముక్కలు డిపోల స్క్రాప్ యార్డుల్లో దొరక్కపోవు. వేలానికి పెట్టేముందు ఒకటో రెండో ఇటు పంపించమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత టూల్‌రూమ్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్