గ్లాసులో కుక్కిన టిష్యూ

సంపాదకులకు,

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట టిఫిన్ హోటళ్లలో పొద్దున పూట ఒకరు తింటుండగానే మరొకరు కుర్చీ వెనక నిలబడి ఉంటారు. బల్ల తుడవడం ఆలస్యమైతే తిట్లన్నీ క్లీనర్‌కే. ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోందో చెప్పాలనే ఈ ఉత్తరం.

ప్లేట్లో చెయ్యి కడగడం పాత జబ్బే. అర గ్లాసు నీళ్లు పోస్తే సాంబారు, చట్నీ, కారప్పొడి నెయ్యి కలిసి అంచుదాకా వస్తాయి. ఆ ప్లేటును రెండు చేతులా పట్టి, ఒక్కొక్కటే టబ్బులోకి వంచాలి. పొడిగా వదిలిన ప్లేట్లయితే నాలుగైదు ఒక్క ఊపులో ఎత్తేయొచ్చు.

అంతకన్నా పెద్ద పీడ టిష్యూ. మూతి తుడుచుకుని, ఉండ చుట్టి, స్టీలు గ్లాసులో కుక్కేస్తారు. అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లకు అది నాని గుజ్జయి అతుక్కుపోతుంది. సన్నగా పొడుగ్గా ఉండే గ్లాసులోకి పెద్దవాళ్ల చెయ్యి దూరదు. పీచు పెట్టి తిప్పితే పీలికలవుతుందే గానీ ఊడి రాదు. చెంచా కాడతో గీకాల్సిందే. ఒక్క పీలిక మిగిలినా తర్వాత తాగేవారి పెదవికి తగులుతుంది, అక్కడితో గొడవ మొదలు.

ప్లేట్లో వేసిన టిష్యూ సంగతి సింకు దగ్గర తేలుతుంది. జాలీ దాటిన కాగితం సింకు కింద గొట్టానికి ఉండే బుడ్డిలాంటి బాటిల్ ట్రాప్‌లో నూనె జిడ్డుతో కలిసి ముద్దకడుతుంది. కడ్డీతో పొడిస్తే ఇంకా లోపలికి జరిగి బిగుసుకుంటుంది. వేడినీళ్లకు జిడ్డు కరుగుతుంది, కాగితం కరగదు. కింద బకెట్ పెట్టి, ట్రాప్ మర విప్పి, చేత్తో లాగడం ఒక్కటే దారి. పది గంటల రద్దీలో ఆ పని పడితే కడగాల్సిన ప్లేట్లు గుట్టవుతాయి.

మిగిలిన ఇడ్లీ ముక్కకు టూత్‌పిక్ గుచ్చి వదిలేవాళ్లున్నారు. ప్లేటులోది చేత్తో తోసేసేవాళ్ల వేలికి అది దిగుతుంది. కనీసం రెండుగా విరిచి, కనపడేలా ప్లేటు అంచున పెట్టండి.

మర్యాదస్తులు చేసే పొరపాటూ ఒకటుంది. తిన్న ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చి పెడతారు, పాపం సాయమనుకునే. మధ్యలో చట్నీ ఉంటే ఎత్తగానే జారతాయి, అడుగుభాగం కూడా జిడ్డయి రెండువైపులా తోమాలి. ఎక్కడివక్కడ వదిలేస్తే చాలు. పిల్లలు సాంబారు ఒలకబోస్తే మాత్రం మొహమాటపడక్కర్లేదు, తడిగుడ్డతో పోతుంది.

చట్నీ ఎవరికి వారు వేసుకునే చోట ఎంగిలి చేత్తో గరిటె పట్టుకోవద్దు. ఆ కాడ జారి గిన్నెలో మునిగితే చట్నీ అంతా ఎంగిలే. ఎండాకాలం కొబ్బరి చట్నీ అసలే తొందరగా పులుస్తుంది. గరిటె పడిందని ఒక్క మాట చెబితే గిన్నె మార్చేస్తారు.

తప్పంతా తినేవాళ్లదే అనడం లేదు. ముప్పై కుర్చీలకు రెండే కుళాయిలుంటే ప్లేట్లో కడగక ఏం చేస్తారు? యజమానులు టిష్యూ డబ్బాను బల్లమీంచి తీసి వాష్‌బేసిన్ పక్కన గోడకు బిగించాలి. దాని కిందనే కాలితో తొక్కే చెత్తడబ్బా పెట్టాలి. ట్రాప్‌ను వారానికోసారి, రాత్రి హోటల్ కట్టేశాక విప్పి కడిగించాలి.

- టిఫిన్ హోటళ్ల సిబ్బంది కొందరు, గుంటూరు