ప్రపంచ బ్యాంకు అధ్యక్షులకు బహిరంగ లేఖ: పేదల లెక్కతో పాటు దాని లోపమూ చెప్పండి

గౌరవనీయులైన అధ్యక్షులు గారికి,

2025 జూన్‌లో మీ సంస్థ అతి పేదరిక రేఖను, అంటే అంతకంటే తక్కువతో బతికేవారిని అతి పేదలుగా లెక్కించే హద్దును, మనిషికి రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు సవరించి, కొత్త సర్వే సమాచారాన్నీ కలపడంతో, 2022 నాటి అతి పేదల అంచనా 71.3 కోట్ల నుంచి 83.8 కోట్లకు చేరింది. ఆ పన్నెండున్నర కోట్ల మంది బతుకులో ఆ రోజు మారినదేమీ లేదు; మారింది కొలబద్దా, లెక్కకు వాడిన సమాచారమూ మాత్రమే. దేశాల మధ్య ధరల పోలికలూ, పేద దేశాల సొంత పేదరిక రేఖలూ మారినప్పుడు సవరణ అవసరమేనని ఒప్పుకుంటాను. నా అభ్యంతరం అది కాదు.

ఈ లెక్క ఒక ఇంటి మొత్తం ఖర్చునో ఆదాయాన్నో తీసుకుని, మనుషుల సంఖ్యతో సమానంగా భాగిస్తుంది. అందరికీ పెట్టి మిగిలినదే తినే స్త్రీ, బడి మాని పనికి పోయే పిల్ల, మందులు మానుకున్న వృద్ధుడు ఆ సగటులో కలిసిపోయి, కాగితం మీద రేఖకు పైన కనబడతారు. ఇక ఇల్లే లేనివారిని ఇంటింటి సర్వే ఎలాగూ చేరదు. సాయం ఎవరికన్నది నిర్ణయించే చోట్ల ఈ అంకెలే ముందుంటాయి కనుక, లెక్కకు రానివారు సాయానికీ దూరమవుతారు.

మీ సంస్థే నియమించిన, బ్రిటిష్ ఆర్థికవేత్త ఆంథొనీ అట్కిన్సన్ నేతృత్వంలోని కమిషన్, అంచనాలో ఉండగల మొత్తం లోపాన్ని కూడా లెక్కగట్టాలని 2016లోనే సిఫారసు చేసింది. కావున ఇకపై ప్రతి ప్రపంచ అంచనా పక్కనే, అదే పరిమాణపు అక్షరాలతో, దాని లోప పరిధినీ (అసలు సంఖ్య ఎంత అటూ ఇటూ ఉండవచ్చో), సర్వేలు చేరని జనాభా వివరాలనూ ప్రచురించవలసిందిగా, అందుకు గడువు తేదీని బహిరంగంగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు