టెక్సస్‌లో షాపులున్నవాళ్లకు: తుపాకీ బోర్డుల సంగతి

అందరికీ నమస్కారం. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండిన చాలామంది లైసెన్స్ లేకుండానే పిస్టల్ లాంటి చిన్న తుపాకీ పెట్టుకుని తిరగొచ్చు. కానీ మన స్టోర్‌లోకి తేవద్దనే హక్కు మనకుంది. పిల్లాపాపలతో జనం వచ్చే చోట ఆ హక్కు వాడుకోవాలనే నా అభిప్రాయం.

తుపాకీ మీద అడ్డగీత ఉన్న స్టిక్కర్ ఒక్కటే అంటిస్తే లైసెన్స్ ఉన్నవాళ్ల విషయంలో చెల్లదండీ. టెక్సస్ నేర చట్టంలోని 30.05 (లైసెన్స్ లేనివాళ్లకు), 30.06 (లైసెన్స్‌తో తుపాకీ దాచి తెచ్చేవాళ్లకు), 30.07 (లైసెన్స్‌తో బయటికి కనబడేలా తెచ్చేవాళ్లకు) సెక్షన్లకు వేర్వేరు బోర్డులు కావాలి. చట్టంలోని మాటలే ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, కనీసం అంగుళం ఎత్తు అక్షరాల్లో, ప్రతి ద్వారం దగ్గరా కనబడాలి.

నోటితో చెప్పినా చెల్లుతుంది. చెప్పినా కదలకపోతే క్లాస్ ఏ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో అన్నిటికన్నా తీవ్రమైనది. అప్పుడు కౌంటర్‌లో పనిచేసే మనవాళ్లను దయచేసి వాదన పెట్టుకోవద్దనండి, వెంటనే 911కి (అత్యవసర నంబర్) ఫోన్ చేయమనండి.