గడ్డకట్టిన నేల లెక్క ఎందుకు రాయరు?

సంపాదకులకు నమస్కారం.

ఆర్కిటిక్‌పై మీరు వేసిన వార్త చదివి వారం దాటింది, బాధ తగ్గలేదు. తెల్ల ఎలుగుబంటి ఫొటోకి అర పేజీ ఇచ్చారు. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే అక్కడి నేల, అదే పర్మాఫ్రాస్ట్, గురించి ఒక్క ముక్క లేదు.

ఆ నేల ఉష్ణోగ్రత కొలవడం కొత్త పని కాదు. సైబీరియాలోని యాకుత్స్క్‌లో షెర్గిన్ అనే ఆయన 1828లో నీళ్ల కోసం బావి మొదలుపెట్టాడు. 116 మీటర్లు దిగినా గడ్డకట్టిన మట్టే. 1844లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావిలోనే ఉష్ణోగ్రతలు కొలిచాడు. ఇప్పుడైతే బోరు వేసి, సెన్సర్లున్న కేబుల్ దించుతారు. పది ఇరవై మీటర్ల కిందికి ఎండాకాలం, చలికాలం తేడా దాదాపు చేరదు. అందుకే అక్కడ డిగ్రీలో పదో వంతు పెరిగినా లెక్కలోకి వస్తుంది. 2007 నుంచి 2016 లోపు ప్రపంచమంతటి పర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కింది. ఇంతేనా అనుకోకండి. సున్నాకి దగ్గరపడ్డాక వచ్చే వేడంతా లోపలి మంచు కరగడానికే పోతుంది, థర్మామీటరు దాదాపు కదలదు. కదలడం లేదని నిశ్చింతగా కూర్చుంటే మోసపోతాం.

2020 మేలో రష్యాలోని నోరిల్స్క్‌లో, అలా గడ్డకట్టిన నేల మీద కట్టిన డీజిల్ ట్యాంకు పునాది కుంగి 20 వేల టన్నులకు పైగా డీజిల్ నదుల్లో, నేలలో కలిసింది. ఆ తర్వాత గానీ రష్యా ప్రభుత్వం దేశమంతటా పర్మాఫ్రాస్ట్‌ను గమనించే కేంద్రాలు పెట్టే పనికి దిగలేదు. ఇంతలో 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి, రష్యా శాస్త్రవేత్తలకూ పశ్చిమ దేశాల వాళ్లకూ మధ్య ఈ కొలతల లెక్కలు ఇచ్చిపుచ్చుకోవడం చాలావరకు తెగిపోయింది. ఈ ఏడాది కొలవని ఉష్ణోగ్రతను వచ్చే ఏడాది ఎవరు కొలవగలరు?

కొలతలంటే అధికారులకు ఎక్కడైనా ఇంతే. నేను రోజూ వెళ్లే దారిలో ఒక ఆఫీసు ఆవరణలో రెయిన్ గేజ్ ఆకులతో పూడిపోయి ఉంది. రెండుసార్లు అర్జీ పెట్టాను. "చూస్తాం సార్" అన్నారు, ఎవరూ రాలేదు. పెట్టిన రోజు ఫొటోలు దిగుతారు, తర్వాత రీడింగ్ రాసే మనిషే ఉండడు.

ఆర్కిటిక్ మనకెందుకు అనడానికీ లేదు. మా పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వెళ్లిన జొన్న, శనగ, కంది విత్తనాలు ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, అలా గడ్డకట్టిన కొండలో తవ్విన సొరంగంలోనే దాచారు. 2016లో ఆ సొరంగం ముఖద్వారంలోకి నీళ్లు వచ్చాయి. విత్తనాలకు ఏమీ కాలేదు గానీ, ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఈసారి ఆర్కిటిక్ గురించి రాసినప్పుడు ఎలుగుబంటి పక్కన నేల ఉష్ణోగ్రత కూడా వేయండి. ఏ ఊరి బోరుదో, ఎన్ని మీటర్ల లోతుదో, పదేళ్ల కిందట ఎంత ఉండేదో రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు, పటాన్‌చెరు