అమ్మినవాడు ఎగ్గొట్టిన పన్ను కొన్నవాడి దగ్గర వసూలు చేయకండి: ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి, జీఎస్టీ కౌన్సిల్ అధ్యక్షురాలు శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం.

పల్నాడు జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో పైపులు, శానిటరీ సామాన్లు అమ్ముకునే వ్యాపారిని నేను. 2017 జులైలో జీఎస్టీ మొదలైనప్పటి నుంచీ రిటర్నులు వేస్తున్నాను. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని 16(2)(సి) నిబంధన గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. కొన్నవాడు బిల్లు ప్రకారం పన్నుతో సహా డబ్బంతా ఇచ్చేసినా, అమ్మినవాడు ఆ పన్ను ప్రభుత్వానికి కట్టకపోతే కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు ఇచ్చిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) దక్కదని ఆ నిబంధన చెబుతోంది. దాన్ని మార్చమని అడుగుతున్నాను.

మా స్థాయి వ్యాపారికి దీనివల్ల ఏమవుతుందో అంకెల్లో చెబుతాను. లక్ష రూపాయల పైపులు కొంటే 18 శాతం పన్నుతో 1,18,000 కడతాను. ఆ సరుకును 1,05,000కు అమ్మితే గిరాకీ దగ్గర 18,900 పన్ను తీసుకుంటాను. ముందే కట్టిన 18,000 క్రెడిట్ పోగా మిగిలిన 900 ప్రభుత్వానికి జమ చేస్తాను. నాకు మిగిలేది 5,000. అందులోనే అద్దె, కరెంటు, కుర్రాడి జీతం. ఇప్పుడు ఆ 18,000 క్రెడిట్ చెల్లదంటే, 5,000 మిగిలిన బేరం మీద ఇంకో 18,000 చేతినుంచి కట్టాలి. దానికి ఏడాదికి 18 శాతం వడ్డీ, పైన పెనాల్టీ. నోటీసు రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది కాబట్టి వడ్డీ కూడా అసలుతో పోటీ పడుతూ పెరిగి ఉంటుంది.

నా విషయంలో జరిగింది ఇదే. హైదరాబాద్‌లో ఒక హోల్‌సేలర్ దగ్గర సరుకు తెచ్చేవాణ్ని. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపాను. ఈ-వే బిల్లులు, ట్రాన్స్‌పోర్ట్ రసీదులు అన్నీ ఉన్నాయి. అతను అమ్మకాల బిల్లులు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1లో (మేం 'వన్' అంటాం) నా బిల్లులు చూపించాడు. అవి నా టూ-బీలోకి, అంటే నాకు వచ్చే క్రెడిట్‌ను పోర్టల్ చూపే పట్టీలోకి, వచ్చాయి. మా ఆడిటర్ గారు సరిచూసుకున్నాకే క్రెడిట్ తీసుకున్నాం. అతను మాత్రం పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను త్రీ-బీలో అమ్మకాలు తగ్గించి చూపాడట. ఆ తర్వాత దుకాణం మూసేశాడు. అతని రిజిస్ట్రేషన్‌ను వెనకటి తేదీ నుంచి రద్దు చేశారు. నోటీసు నాకు వచ్చింది.

మేడమ్, ఇందులో నేను చేయగలిగి చేయకుండా వదిలేసింది ఏదో చెప్పండి. పోర్టల్‌లో అతని నంబరు కొట్టి చూస్తే త్రీ-బీ 'ఫైల్డ్' అనే కనబడుతుంది. అందులో ఎంత అమ్మకం చూపాడో, నా బిల్లు పన్ను అందులో ఉందో లేదో నాకు కనబడదు. అది చూడగలిగింది మీ శాఖ ఒక్కటే. వన్‌కీ త్రీ-బీకీ తేడా వస్తే కంప్యూటరే పట్టుకుని డీఆర్‌సీ-01బీ అనే తాఖీదు పంపే ఏర్పాటు 2022 డిసెంబరులో 88సి రూల్‌తో తెచ్చారు. దానికి జవాబివ్వని వ్యాపారి తర్వాతి నెల వన్ వేయకుండా ఆపే వీలు కూడా ఉంది. ఇంకా ముఖ్యమైనది 75(12) సెక్షన్. వన్‌లో చూపించి త్రీ-బీలో కట్టని పన్నును, షోకాజ్ నోటీసుతో కూడా పని లేకుండా నేరుగా వసూలు చేసుకోవచ్చని 2022 జనవరి 1 నుంచి ఆ సెక్షన్‌కు వివరణ చేర్చారు. అంటే నా హోల్‌సేలర్ తన చేత్తో తానే అప్పు ఒప్పుకుంటూ వన్ వేశాడు. అతని బ్యాంకు ఖాతా, సరుకు, అతనికి రావాల్సిన బాకీలు, అన్నింటినీ జప్తు చేసే అధికారం చట్టం మీకు ఇచ్చింది. ఇంత పదునైన ఆయుధం చేతిలో ఉండగా నా మీదికి ఎందుకు వస్తున్నారు?

నాకు అర్థమైనంతలో దీనికి కారణం అధికారుల చెడ్డతనం ఏమీ కాదు. పని పంచుకున్న తీరు అలా ఉంది. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్నవాళ్లలో 90 శాతం మందిని రాష్ట్రాలకు, మిగతా 10 శాతాన్ని కేంద్రానికి, ఆ పైన ఉన్నవాళ్లను చెరి సగం అని 2017లోనే పంచారు. నా ఫైలు ఆంధ్రప్రదేశ్‌లో ఒక అధికారి దగ్గర, నా హోల్‌సేలర్ ఫైలు తెలంగాణలో ఇంకో అధికారి దగ్గర ఉంటాయి. నాకు నోటీసు ఇచ్చే అధికారికి అతని మీద చేయి వేసే అధికారం లేదు. ఆయన పరిధిలో దొరికేది నేనే. దుకాణం తెరిచి, రిటర్నులు వేస్తూ, పిలిస్తే వెళ్లే మనిషిని కాబట్టి టార్గెట్ నా దగ్గర పూర్తవుతుంది. అమ్మినవాడి మీద అవతలి ఆఫీసు ఏం చేసిందో చెప్పమని అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు.

మీకు ముందు అరుణ్ జైట్లీ గారు అధ్యక్షులుగా ఉండగా 2018 మే 4న జరిగిన 27వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఈ సంగతి తేల్చేసింది. అమ్మినవాడు పన్ను కట్టకపోతే కొన్నవాడి క్రెడిట్ దానంతటదే రద్దు కాదు, వసూలు అమ్మినవాడి దగ్గరే చేయాలి, అతను కనబడకుండా పోవడం, వ్యాపారం మూసేయడం, ఆస్తులు చాలకపోవడం లాంటి అసాధారణ పరిస్థితుల్లోనే కొన్నవాడి దాకా రావాలి అని ఆ రోజు ప్రకటించారు. ఆ మాట చట్టంలోకి రాలేదు. ఇప్పుడు అమ్మినవాణ్ని వెతికినట్టు ఒక్క కాగితం చూపకుండానే నోటీసులు వస్తున్నాయి.

ఉద్యోగికి ఇచ్చిన భద్రత వ్యాపారికి ఎందుకు ఇవ్వరని కూడా అడగాలనుంది. జీతంలోంచి టీడీఎస్ కోసుకున్న యజమాని ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టకపోతే, అంత మేరకు పన్నును ఉద్యోగి దగ్గర మళ్లీ అడగకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ చెప్పింది. ఆదాయపు పన్ను కూడా మీ మంత్రిత్వ శాఖ చూసేదే. యజమాని దగ్గర ఉద్యోగి ఎలా ఉంటాడో, బిల్లు ఇచ్చే పెద్ద హోల్‌సేలర్ దగ్గర మేమూ అలాగే ఉంటాం. పన్ను అతని చేతిలో పెట్టమని చట్టమే చెప్పింది, పెట్టాం. నేరుగా ప్రభుత్వానికి కట్టే దారి మాకు లేదు.

దొంగ బిల్లుల బెడద నాకు తెలియంది కాదు. సరుకు కదలకుండా కాగితం మీద క్రెడిట్ అమ్ముకునేవాళ్లు ఉన్నారు. వాళ్లవల్ల నిజాయతీగా వ్యాపారం చేసేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు, ఎందుకంటే వాళ్లు అమ్మే రేటుకు మేం అమ్మలేం. వాళ్లను వదలొద్దు. కానీ సరుకు నిజంగా వచ్చిందా అన్నది తేల్చడం కష్టమేమీ కాదు. ఈ-వే బిల్లు, లారీ నంబరు, కాటా చీటీ, బ్యాంకు స్టేట్‌మెంట్, గోడౌన్ స్టాకు రిజిస్టరు చూస్తే తెలిసిపోతుంది. అవన్నీ సరిగ్గా ఉన్నవాణ్ని, ఏవీ లేనివాణ్ని ఒకే గాటన కట్టకూడదు. ఢిల్లీ వ్యాట్ చట్టంలోని ఇలాంటి నిబంధన మీద ఢిల్లీ హైకోర్టు 2017లో ఇదే అంది. నిజాయతీగా కొన్నవాడికి దాన్ని వర్తింపజేయకూడదని తీర్పు ఇచ్చింది. జీఎస్టీ వచ్చాక పట్నా, కేరళ హైకోర్టులు 16(2)(సి) చెల్లుతుందన్నాయి. గువాహటి హైకోర్టు 2024లో కొన్నవాడి పక్షాన నిలిచింది. ఏ రాష్ట్రంలో దుకాణం ఉందన్నదాన్ని బట్టి న్యాయం మారే పరిస్థితి మంచిది కాదు.

అప్పీలుకు వెళ్లమంటారు. వెళ్లాలంటే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందే కట్టాలి, ఆడిటర్ ఫీజు వేరు. గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో నెల. ఆర్డరు పోర్టల్‌లో ఏదో మూల ట్యాబ్‌లో పెట్టి ఊరుకుంటే, అది మా కంటబడేసరికే ఆ గడువు దాటిపోయిన వాళ్లు మా సందులోనే ఉన్నారు. 2017లో చట్టం వస్తే, ఆ పై అప్పీలు వినాల్సిన అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను మీరు ప్రారంభించింది 2025 సెప్టెంబరులో. అన్నేళ్లూ హైకోర్టుకు వెళ్లే స్తోమత లేనివాళ్లు తమది కాని పన్ను కట్టి ఊరుకున్నారు.

నేను అడిగేవి కొత్తవేమీ కావు. 2018 మే 4 నాటి మాటను 16వ సెక్షన్‌లోనే రాయండి. బిల్లు, బ్యాంకు చెల్లింపు, సరుకు రవాణా రుజువులు ఉన్నవాడి క్రెడిట్‌ను, అతనికీ అమ్మినవాడికీ లాలూచీ ఉందని శాఖ రుజువు చేస్తే తప్ప ముట్టుకోకూడదని చేర్చండి. కొన్నవాడికి నోటీసు ఇచ్చే ముందు అమ్మినవాడి మీద 75(12) కింద ఏం చేశారో ఆ నోటీసులోనే రాయాలని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు (సీబీఐసీ) ద్వారా ఆదేశం ఇప్పించండి, రాష్ట్రాల అధికారులకూ అదే వర్తించేలా కౌన్సిల్‌లో ఒప్పించండి. రిజిస్ట్రేషన్ వెనకటి తేదీ నుంచి రద్దయితే, ఆ నంబరు చెల్లుబాటులో ఉన్న రోజున జరిగిన కొనుగోళ్లకు ఆ రద్దు తగలకూడదు. అమ్మినవాడు వన్‌లో చూపిన పన్నుకు తగ్గట్టు త్రీ-బీలో కట్టాడో లేదో మా టూ-బీలో ఒక గుర్తు పెట్టించండి. ఆ సమాచారం మీ కంప్యూటర్లలో ఇప్పటికే ఉంది. అది ముందే తెలిస్తే ఎగ్గొట్టేవాడికి తర్వాతి ఆర్డరు మేమే ఇవ్వం, మిగిలిన బాకీలో పన్ను భాగం ఆపి పట్టుకుంటాం.

చట్ట సవరణకు టైం పడుతుందని తెలుసు. ఆ లోపు, అమ్మినవాడి మీద చర్య మొదలుపెట్టని కేసుల్లో కొన్నవాళ్ల బ్యాంకు ఖాతాల జప్తునైనా ఆపించమని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక చిన్న వ్యాపారి,
పల్నాడు జిల్లా, ఆంధ్రప్రదేశ్